రాయి ఉన్నచోటు

కొళత్తూరు చేపలకొట్లో సెల్వమణి
ఫోటో చూసి పెదవి విరిచాడు:
"గడ్డో దెబ్బో నీళ్ళలోంచి తెలీదక్కా,
చెయ్యి తడుపుకుని తీసి చూడండి."

కుడి డొక్కలో శనగగింజంత ఉబ్బు.
రెండు పొలుసులు లేవు.
నొక్కితే మెత్తగానే ఉంది, దూదిలాంటి బూజూ లేదు.
దెబ్బే.

కొట్టిందెవరు?
పిల్లిని అనుమానించాను,
పక్కవాటా పిల్లాణ్ణి కూడా.
కుంటలో చెయ్యిపెట్టి తడిమితే
నా వేలే తెగింది:
అందానికని మహాబలిపురం దారిలో
గీచిగీచి బేరమాడి
నేనే మోసుకొచ్చిన రాయి.

టబ్బులో లీటరుకి చెంచాడు కల్లుప్పు,
రోజూ సగం నీళ్ళు మార్చడం,
పంతొమ్మిది రోజులు.
వాపు తీసింది.
కొత్త పొలుసు ఇంకా తెల్లగానే ఉంది.

రాయిప్పుడు
మేడమీద తలుపు కొట్టుకోకుండా అడ్డం.

తిరిగి కుంటలో వదిలానా,
ఏమీ లేని ఆ చోట
చేప ఒత్తిగిలి వెళ్తోంది.