జోంబా కవాతు మైదానం

జెండా మారి ఏడు వారాలు.
బొత్తాల మీద కిరీటం మాత్రం అలాగే ఉంది,
కొత్తవి ఓడలో వస్తున్నాయట, బర్మింగ్‌హామ్ నుంచే.

మేజర్ హార్‌గ్రీవే ఇంకా మా కమాండరు.
దొరను అప్పుగా అట్టేపెట్టుకున్నాం.
"సార్జంట్ కపలమూలా, రేపు మీ భాషలో అరిచి చూడు"
అన్నాడు, పైపు దులుపుకుంటూ.

రాత్రంతా ములుంగుజి వాగు ఒడ్డున
మాటను నోట్లో నానబెట్టాను.
వాళ్ళ ‘హాల్ట్’ ధడాలున తలుపేసినట్టుంటుంది.
ఇరవై రెండేళ్ళుగా నా మడమలు దానికే బదులిచ్చాయి,
బర్మా బురదలో, ఆఖరికి నిద్రలో.

మా మాట ‘ఇమాని’.
నీళ్ళవైపు ఉరికే పిల్లల్ని మా అమ్మ ఆపిన మాట.
పదిమందిని ఆపాలన్నా అదే,
పెద్దాయన్ని కాసేపు ఆగమని బతిమాలాలన్నా అదే.
గుంపుకీ గౌరవానికీ మా దగ్గర ఒకటే తోక.

తెల్లారింది. మూడు వందల జతల బూట్లు.
ఇమాని!

ముందు వరుస ఆగింది,
వెనక వరుస వాళ్ళ వీపుల్లోకి నడిచింది.
ఎవడో కిసుక్కున నవ్వాడు.
మేజరు నోటుపుస్తకంలో ఏదో గీసుకున్నాడు.

వంటశాల గోడ పక్క ముసలి లిపెంగ,
కబావ్ లోయలో రెండు వేళ్ళు వదిలేసి
ఇప్పటికీ గరిటె తిప్పుతున్నవాడు,
చేతిలో బకెట్టు దించి నిలబడ్డాడు.
టోపీ తీశాడు.
ఇన్నేళ్ళ కొలువులో
అతన్ని ‘అండీ’ అన్న మొదటి ఆజ్ఞ.

కవాతులో టోపీ తీస్తే మూడు రోజుల జీతం కోత.
రాయలేదు.
మళ్ళీ అరిచాను,
ఈసారి వాగు ఒడ్డున అమ్మ అరిచినట్టు.