కొమ్ము వాసన

తాత కొమ్ముని కాచి కొంగల్ని వంచేవాడు.
అప్పట్లో పర్లాకిమిడిలో మా వీధి వీధంతా
కాలిన గోళ్ల కంపు.
నేను చేసే గాజుకి వాసనే లేదు.
"ముక్కుకి తెలీని పని, అదేం పనే?" అంటుంది అమ్మ.

గాజుల అప్పలనరసు దగ్గర
విరిగిన ముక్కలు కిలో లెక్కన తెస్తాను.
ఆకుపచ్చ చెప్పిన మాట వింటుంది.
ఎరుపే, మంట చూడగానే
మేక కార్జం రంగుకి తిరుగుతుంది.
పూసల్ని ఊకబూడిదలో రాత్రంతా పడుకోబెట్టాలి.
తొందరపడి తీస్తే టిక్‌మంటాయి.
మొదటి ఏడాదంతా నేను విన్నది ఆ చప్పుడే.

గుణుపురం పాసింజరులో బేరం ఒడియాలో,
లెక్క తెలుగులో.
"ప్లాస్టికేనా?" అని ఒకాయన పంటితో కొరికి చూశాడు.
కొరికిన పూస నా చేతిలో పెట్టి
నౌపడాలో దిగిపోయాడు.

కాశీనగరం సంతలో
కొండ దిగొచ్చిన సవర అవ్వ
నేను గుడ్డకింద దాచిన, పాడైన ఎరుపుల్నే ఏరింది.
ధర చెప్పడానికి నాకు నోరు రాలేదు.
తనే కొంగుముడి విప్పి ఇరవై పెట్టింది.
ఒకటి తిరిగిచ్చింది:
"బెజ్జం సన్నం. దారం పట్టదు."

నా పూసలన్నీ సైకిల్ చువ్వ మీద పుట్టినవే.
లావు చువ్వ కోసం తాత పెట్టె తీశాను.
తుప్పుపట్టిన బరమా ముల్లు.
మట్టి పూసే ముందు మంటలో పెట్టాను,
ఊరికే, శుభ్రానికి.
పిడి దగ్గర ఏ కాలంనాటి పొడి ఇరుక్కుందో
గుప్పున లేచింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.
"ఎవరే, వచ్చింది?"