పదిహేను వందల గ్రాములు

కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు
షెఫీల్డులో నేను లోహం గురించి మాట్లాడతాను.
వినేవాళ్ళు మర్యాదస్తులు. నవ్వరు.

పగలు పళ్ళ ల్యాబులో పని.
ఎవరి దవడకో బిగించే టైటానియం
బఠాణీ గింజంత, నా వేలి కొన మీద.
ఎముక దాన్ని పరాయిదనుకోదు,
నెలల తరబడి మెల్లగా పట్టుకుంటుంది.
రాత్రి అదే లోహాన్ని రేకుగా తెచ్చి
గ్యారేజీలో వైసుకి బిగించి
చక్రాల పురుగొకదానికి వీపు కడతాను.

దాని పేరు గండుచీమ.
కిలోన్నర దాటకూడదు, అదొక్కటే చట్టం.
మోటార్లూ బ్యాటరీ తిరిగే పన్నూ పోగా
తొడుక్కోడానికి మిగిలేది
మూడు వందల పది గ్రాములు:
పావుకిలో బెండకాయలు, పైన కొసరు.
దాంతోనే యుద్ధానికి వెళ్ళాలి.

ఉక్కు ఒక మిల్లీమీటరు.
అదే బరువుకి అల్యూమినియం దాదాపు మూడు.
మందమా, గట్టితనమా?
మెత్తటి రకం దెబ్బని మింగి, దొన్నెలా వంగి
చక్రాన్ని నొక్కేస్తుంది.
పోయినసారి అలాగే
తన చొక్కా తనకే బిగిసి చచ్చింది గండుచీమ.
గట్టి రకం వంగదు. పగులుతుంది,
పగిలేముందు మాటైనా చెప్పదు.

టైటానియం రెండింటికీ మధ్యలో ఉంది, ధరలో తప్ప.
డ్రిల్లు కింద వేడిని తనలోకి రానివ్వదు,
అంతా బిట్టు ముక్కుకే అంటగడుతుంది.
నాలుగు కన్నాలకి మూడు బిట్లు.
నూనె చుక్క. నెమ్మది. మళ్ళీ నూనె.

పక్కింటి ఐరిస్ ఓలరెన్‌షా గోడ మీంచి చూసి
"రేకు డబ్బాకి ఇంత ఖర్చా" అంది.
మర్నాడు పాత పేపర్లో చుట్టి
ఒక చేతిరంపం ఇచ్చింది.
వాళ్ళాయన ముప్పై ఏళ్ళు సానరాయి ముందు కూచున్న మనిషి.
కొన్నాళ్ళు ఆ ఇంట్లోంచి దగ్గు వినిపించేది,
తర్వాత అదీ లేదు.

రంపాన్ని వంచి వదిలాను, గ్యారేజీ అంతా మోగింది.
ఆకురాయి పెడితే జారిపోయింది
గాజు మీద గోరులా.
"పిడి తీసెయ్, పళ్ళు మాత్రం ఉంచు" అంది ఐరిస్.
పళ్ళతో తూస్తే పదకొండు గ్రాములు ఎక్కువ.
పళ్ళు చేసి బతికేదాన్ని,
రాత్రి రెండింటికి గ్రైండరు పట్టుకుని
ఒక్కొక్కటే అరగదీశాను.
ఆమె కిటికీలో లైటు వెలిగింది. ఆరింది.

రాదరమ్‌లో ఒక స్కూలు హాలు,
మధ్యలో దళసరి ప్లాస్టిక్ గోడల పెట్టె.
అవతల పద్నాలుగేళ్ళ ఎలియట్,
వాడి యంత్రం పేరు ఆదివారం.
ఎందుకంటే, దాంతో పోరాడాక
మిగతావాళ్ళకి సెలవేనట.

మొదటి దెబ్బకి టైటానియం తెల్లగా చిమ్మింది,
మతాబులా.
ఇన్నేళ్ళ ల్యాబులో
ఒక్కసారీ చూపించని ముఖం అది.
అల్యూమినియం పక్కలు చిరిగాయి, అనుకున్నదే.
ముందు రంపం మాత్రం
మూడు దెబ్బలకి ఒక గీతతో సరిపెట్టుకుంది.
నాలుగో దెబ్బకి
రంపం అలాగే ఉంది,
దాన్ని పట్టుకున్న మరలు లేవు.
అది నిండుగా ఎగిరి, గోడకి తగిలి,
మోగింది.
మూడో వరసలో ఐరిస్ తలెత్తింది.

ఆట అయ్యాక చీపురు నాకే ఇచ్చారు.
తూస్తే ఇరవై గ్రాములు కనబడలేదు.
అయస్కాంతం తిప్పితే మరల తలలు వచ్చాయి,
ఎలియట్ బ్లేడు పెచ్చు ఒకటి వచ్చింది.
టైటానియం రాదు కదా,
మోకాళ్ళ మీద వంగి ఏరుకున్నాను.

ఐరిస్ పెట్టె దాకా వచ్చింది.
రంపం అంచు మీద, పళ్ళుండాల్సిన చోట,
బొటనవేలు ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపింది.
నేను చీపురు కేసి చూస్తున్నాను.

"తిన్నగానే కోశావ్" అంది.
"మరలే చవకవి కొన్నావు."