పందొమ్మిదో సిస్టరు

ఇన్నాళ్లూ డ్యూటీ చార్టు నేనే గీసేదాన్ని.
పెన్సిలూ, స్కేలూ, అరిగిపోయిన రబ్బరూ.
ప్రతి నెలా ఇరవై ఏడో తారీకు రాత్రి
తిన్న కంచం పక్కకి జరిపి
పద్దెనిమిది పేర్లు నిలువునా, తారీకులు అడ్డంగా.
తెల్లారేసరికి కాగితానికి చిల్లు పడేది,
నామీద కోపం పద్దెనిమిది ఇళ్లకి పాకేది.

చీపురుపల్లి మజ్జి రవణమ్మకి
ఎనిమిదిన్నర పాసింజరు దాటితే ఇల్లు లేదు.
ఎస్తేరుకి ఆదివారం పొద్దుట ప్రార్థన.
సాలూరు కొండమీంచొచ్చిన బిడ్డిక సుమిత్ర
"మూడు గంటలయ్యేసరికి జాకెట్టు తడిసిపోతాది మేడమ్"
అంది తల వంచుకుని.
పాలిచ్చే తల్లి. దాన్ని ఏ గడిలో రాయాలో తెలీలేదు.
సిరిమాను మంగళవారం మాత్రం
అందరికీ సెలవు కావాలి. నాక్కూడా.

అప్పుడొచ్చాడు కోరాడ లోకనాథం,
ఇంజినీరింగు కాలేజీలో లెక్కలు చెప్తాడు.
వాళ్లమ్మ మా వార్డులో తొమ్మిది రోజులుంది.
బాకీ తీర్చుకుంటున్నట్టు ల్యాప్‌టాప్ తెరిచాడు.
"పద్దెనిమిది మంది, ముప్ఫై ఒక్క రోజులు, మూడు షిఫ్టులు.
వెయ్యిన్ని ఆరువందల డెబ్భై నాలుగు ప్రశ్నలు మేడమ్.
ఒక్కోదానికి జవాబు సున్నా, లేదంటే ఒకటి."
నా ఉద్యోగమంతా ఇంతేనా అనుకున్నాను.
కాసేపటికి, అవును, ఇంతే అనుకున్నాను:
ఉన్నావా, లేవా.

దాటకూడనివి ఒక పక్క రాయించాడు:
నైటు దిగిన మనిషికి పొద్దుట డ్యూటీ వద్దు,
ఐసీయూలో ఇద్దరికి తగ్గరాదు.
దాటినా పరవాలేదనేవి ఇంకో పక్క,
వాటికి వెల కట్టమన్నాడు.
రవణమ్మ రైలుకి ఎంత? ఎస్తేరు ప్రార్థనకి ఎంత?
పాలకి ఎంత?
సంతలో చింతపండులా తూచుకుంటూ పోయాను.
పాలని మాత్రం తూచలేదు,
దాటకూడని పక్కకి మార్పించాను.

మీట నొక్కాడు. టీ చల్లారింది.
తెరమీద ఒక్క ముక్క: సాధ్యం కాదు.

"దీనికీ తెలివి చాల్లేదా?"
"అది కాదు మేడమ్. వెతికితే దొరక్కపోవడం వేరు,
లేదని తేలడం వేరు. ఇది తేల్చేసింది.
ఎవరు గీసినా కుదరదు."

ఇరవై రెండేళ్లు.
రబ్బరు పొట్టు ఊదుకుంటూ
నా చేతకానితనమే అనుకున్నాను.
వార్డు వెనక కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను.
నీళ్లు చాలాసేపు పోనిచ్చాను.

లోటెంతో కొలవడానికని
అతనొక లేని మనిషిని చేర్చాడు. పందొమ్మిదో వరస.
ఆవిడకి ఏ నియమమూ లేదు,
రైలు లేదు, పిల్ల లేదు, నడుం నొప్పి లేదు.
వాడుకున్న ప్రతిసారీ వెయ్యి జరిమానా.
ఎంత పిసినారిగా వాడినా
ఇరవై మూడు షిఫ్టులు పడ్డాయి ఆవిడకి,
అందులో పద్నాలుగు నైట్లు.
సిరిమాను నాడు మూడు పూటలూ ఆవిడే.

పిల్లలు పేరు పెట్టేశారు: పైడమ్మ సిస్టరు.
"ఓలమ్మ, రేపు పైడమ్మతోటి నైటు నాకు!"
"ఆవిడికేటి, కాళ్లు లాగవు."
నవ్వుకునేవాళ్లు.
చార్టులో పైడమ్మ ఉందంటే
ఎవరో ఒకరు ఇంటికెళ్లలేదని.

లెక్కంతా జతచేసి
ఇంకో పోస్టు కావాలని పైకి రాశాను.
ఫైలు తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో:
"సదరు శ్రీమతి పైడమ్మ, స్టాఫ్ నర్సు,
జాయినింగ్ రిపోర్టు జతపరచవలెను."

ఆ మంగళవారం ఊరంతా కోట దగ్గరుంది.
సిరిమాను తిరిగి, జనం మళ్లి,
మూడు లాంతర్ల వేపు డప్పులు ఆగిపోయాక
పదకొండో మంచం ముసలమ్మ లేచింది.
"ఎవులు తల్లీ డ్యూటీ?"

"పైడమ్మ" అన్నాను
చెప్పులు వెతుక్కుంటూ.