కార్బన్ కాగితం

పర్లాకిమిడి పొలిమేర గేటు దగ్గర
ఇరవై రెండేళ్లు ఫారాలు రాశాను.
కిరసనాయిలు డబ్బా, దానిమీద చెక్కపలక. అదే ఆఫీసు.
సిరా అంటని వేలు నాకు చిటికెనవేలొక్కటే.

లారీ దిగగానే డ్రైవరు నన్నే అడిగేవాడు:
"కూర్మారావుబాబూ, దీన్ని ఒడియాలో ఏటంటారు?"
చింతపండు, తెంతుళి.
పసుపు, హళది.
ఉప్పు, లుణ.
చెయ్యి తడపడానికి మాత్రం తర్జుమా అక్కర్లేదు.

మూడు కాపీలు.
పైది గేటుకి, నడిమిది లారీకి,
అడుగుది నాకు,
నీలంగా, మసకగా, వెళ్లిపోయిన సరుకు నీడలా.

ఒక ఆషాఢం అర్ధరాత్రి
దేశమంతా ఇకమీద ఒకటే సంత అన్నారు రేడియోలో.
తెల్లారేసరికి గేటు కర్ర ఆకాశంకేసి నిలబడిపోయింది.
దించే తాడు ఎవరో మేకకి కట్టుకుపోయారు.

ఆగని లారీకి ఆకలుండదు.
బనమాలి పాఢి పకోడీల మూకుడు బోర్లించాడు.
గాలికొట్టే ఖాసిం బరంపురం పోయాడు.
మంచిదేలే అన్నాను. నిజంగానే అన్నాను.
సిమెంటు రెండ్రోజుల ముందే దిగుతోందని
మా వియ్యంకుడు పెరడు చుట్టూ గోడ కట్టుకున్నాడు.

ధాన్యం మాత్రం ఇంకా
రెండు దేశాల్లోనే పండుతోంది.
మహేంద్రతనయ ఒకటే, తడిపే నీళ్లూ అవే,
ఈ గట్టున క్వింటాలుకి ఒక ధర, ఆ గట్టున ఇంకొకటి.
నీరు పల్లమెరుగు.
ధాన్యం మెరకెరుగు.
రాత్రి రెండు దాటాక సైకిళ్ల మీద ఎక్కి వస్తుంది,
బెల్లు మోగకుండా గుడ్డ చుట్టుకుని.

నిన్న తలుపు కొట్టింది మా చెల్లెలి ఆడపడుచు కుసుమాంబ.
పాతపట్నం అవతల ఎకరంన్నర.
"అన్నియ్యా, టోకెను ఇక్కడి రైతుకేనట.
తొమ్మిది బస్తాలు. ఏదో ఒక పేరు మీద తోలీవా?"

పిల్ల పెళ్లికి రెండు రాష్ట్రాలూ కలుపుకున్నాం.
గింజ దగ్గర నువ్వెవరంటే నువ్వెవరు.

నా పేరున సెంటు భూమి లేదు.
గుమ్మా కొండవాలులో ఇసాక్ రయితాకి పట్టా ఉంది,
ఇంటిపేరులోనే సగం రైతు.
అతని చెక్కలో ఈ ఏడు వరి మొలవలేదు,
పేరు మొలిచింది.
బస్తాకి ఎంతని నేనడగలేదు. అతనూ చెప్పలేదు.

అటకమీంచి పలక దించాను.
సొసైటీ గుమస్తాకి ఒక్క కాగితమే చాలు,
అయినా చెయ్యి ఊరుకోదు, కింద కార్బన్ పెట్టింది.
రైతు పేరు. తండ్రి పేరు. పండిన ఊరు:
ఇక్కడ కలం కాసేపు ఆగింది, పాత లారీలా.
రాశాను. పండని ఊరి పేరు రాశాను.

తీసి చూద్దును గదా, కార్బన్ తిరగబడి ఉంది.
అక్షరాలన్నీ కాగితం వీపున ఎదురుగా అచ్చయ్యాయి.
బల్బుకి అడ్డంగా పట్టి చూస్తే
ఆ ఊరి పేరు
రెండింతలు ముదురుగా కనబడింది.

"తప్పొచ్చిందా?" అంది కుసుమాంబ.
"లేదు" అన్నాను.

ఆమె అప్పటికే సైకిలు తాళ్లు విప్పుతోంది.