తారు ముగిసే చోట

తారు ఇక్కడితో సరి.
ఇవతల నా రేకుల షెడ్డు,
అవతల రెండొందల కిలోమీటర్ల కంకర.
నా పేరు కావెజేరి. ఖోరిక్సాస్ దాటి వచ్చేవాళ్లకు
నేను చేసేది ఒకటే: గాలి తీయడం.

నవ్వకండి. పెద్ద పెద్ద మగవాళ్లే
కారు దిగి, టైరును బూటుకాలితో ఓ తన్ను తన్ని
"రాయిలా ఉంది" అంటారు.
అదే తంటా అంటాను.
రాళ్ల మీద రాయి ఎగురుతుంది,
మలుపులో మాట వినదు.
వాల్వు మూత విప్పి కూర్చుంటాను,
ముల్లు రెండుంపావు నుంచి
ఒకటీముప్పావుకు దిగేదాకా.

తిరిగొచ్చేటప్పుడు ఆగండి, గాలికి డబ్బు తీసుకోను.
తీసింది పెట్టుకోకుండా తారెక్కితే
మెత్తబడ్డ టైరు లోలోపలే కాగుతుంది,
జ్వరమొచ్చిన పసివాడికున్నపాటి నోరూ దానికి లేదు.

మొన్న శనివారం ఉవాంగ ఆగలేదు.
పశువుల వేలానికి వేళ మించిందట.
చేయి ఊపాడు. నేనూ ఊపాను.
ఊపకుండా అడ్డంగా నిలబడాల్సింది.

నలభయ్యో కిలోమీటరు దగ్గర
ఇంకా ఉన్నాయి రబ్బరు పేలికలు.
అతను బతికాడు, భుజం కట్టులో ఉంది.
వెనక ఎక్కించిన మేకపిల్లల సంగతి
అడగకండి.

ఇప్పుడు తెల్లారగట్లే లేస్తున్నాను.
ఎండ తగలని చల్లటి టైరే నిజం చెబుతుంది.
నాలుగూ చూడగానే తాళంచెవి తిప్పబోతారు.
ఆగు నాయనా,
డిక్కీలో, జాకీ కింద,
ఏళ్ల తరబడి ఎవరూ పలకరించని
అయిదోది ఉంది కదా.