ఇంకో పొర

సైదాపురం గనుల దిబ్బ మీద
వాన పడ్డ మర్నాడు నడిస్తే
కాళ్లకు వెలుగు అంటుకుంటుంది.
కడిగినా పోదు. అమ్మ కుచ్చిళ్లలో, సంగటి కుండలో,
నిద్రపోయే చెల్లి రెప్పల మీద కూడా
కాకిబంగారమే.

ఆ ఏడు గూడూరులో రైలు దిగి
జట్కాలో వచ్చింది సౌదామిని గారు.
ఆడమనిషికి ప్రయోగశాల తాళంచెవి ఇవ్వని రోజులు.
భుజాన తోలుసంచి, సంచిలో పెట్టె,
పెట్టెలో ఏదో పురుగు.
తెల్లరాయి దగ్గర టిక్కు... టిక్కు...
గనివాళ్లు పనికిరాదని పారేసిన నల్లరాయి దగ్గర
పెనం మీద ఆవాల చిటపట.

"రాయికి ఊపిరుండాదా ఏందమ్మా?" అంది మా అమ్మ పెంచలమ్మ.
"ఊపిరి కాదు. తరిగిపోతోంది, సీసమైపోతోంది.
సగం తరగడానికి నాలుగు వందల యాభై కోట్ల ఏళ్లు."
"మిగతా సగం?"
"అందులో సగానికి మళ్లీ అంతే."
అమ్మ కొడవలి ఆపి నవ్వింది:
"అయితే ఇది మా షావుకారు బాకీనే."

ఆమె నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

ఆమెకు కావలసింది ఒక కిటికీ.
గొట్టం మూతికి బిగించేది.
లోపలి వాయువును పోనివ్వకూడదు,
బయటి ఆల్ఫా కణాన్ని ఆపకూడదు.
సీమ నుంచి తెప్పించింది దారిలోనే పగిలిందట.
అమ్మ బొటనవేలి గోరు దూర్చింది.
పొర రెండైంది, రెండు నాలుగు,
చివరికి చేతిలో ఏమీ లేనట్టే ఉంది,
సబ్బు బుడగ మీది రంగులు తప్ప.
కొలిచే సాధనం ఆమె దగ్గరుంది.
అమ్మ పెదవికి ఆనించుకుని
"ఇంకో పొరుండాది" అంది.
ఉంది.

మొదటిది చిరిగింది. రెండోదీ.
పదకొండోది నిలిచింది.

సాయంత్రం నన్ను సూక్ష్మదర్శినిలో చూడమంది.
నల్ల అభ్రకంలో చిన్న గింజ, చుట్టూ ముదురు వలయం,
చెమటకు చెదిరిన కాటుక చుక్కలాగా.
"ఆ గింజలోంచి కోట్ల ఏళ్లుగా దూకినవన్నీ
ఇక్కడిదాకా వచ్చి ఆగాయి."
ఎనిమిదేళ్ల వాణ్ని. "ఎందుకాగాయి?" అన్నాను.
"అలిసిపోయి."
కాలేజీలో దీనికి పేజీన్నర జవాబు చెప్పారు.
నేను మాత్రం ఇదే గుర్తుపెట్టుకున్నాను.

వెళ్లే ముందు ఇద్దరూ అరుగు మీద
చేతులు పరిచి చూసుకున్నారు.
ఆమె వేళ్ల కొసలు మాడి, నున్నగా,
వేలిముద్ర కూడా పడనంతగా.
అమ్మ వేళ్ల నిండా గీతలే, కొన్ని మాత్రమే పుట్టుకతో వచ్చినవి.
"ఏదన్నా మందు రాసుకోమ్మా" అంది అమ్మ.
"నువ్వు మూతికి గుడ్డ కట్టుకో పెంచలమ్మా" అంది ఆమె.

ఇద్దరూ వినలేదు.